గోలెంలో చెయ్యి పెట్టి చూసే అవ్వ

అవ్వ పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను కేసముద్రంలో, మార్కెట్ యార్డుకు పోయే దారిలో, ఒక టైర్ల దుకాణాయనతో కొట్లాడుతున్నాను. పాత టైర్లన్నీ వానకు వదిలేశాడు. ఒక్కో టైరులో చెంబెడు నీళ్లు, ఆ నీళ్లలో తోకలాడిస్తూ దోమ పిల్లలు. "టైర్లు నాయి, జాగ నాది, నడుమ నీకేం నొప్పి సారూ?" అని ఆయన గట్టిగానే అంటున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని ఆయన వైపు తిరిగాను. నా ముఖంలో ఏం చూశాడో ఏమో, ఆయనే నోరు మూసుకుని ఒక్కో టైరూ లేపి నీళ్లు కుమ్మరించడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగంలో నేను గొంతు చించుకోకుండా ఒక మనిషి టైరు వంచడం అదే మొదటిసారి. పోతూ పోతూ కూడా అవ్వ ఒక పని చేయించి పోయిందనుకున్నాను.

నాది ఆరోగ్య శాఖలో చిన్న కొలువు. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడగడం, గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకోవడం, నీళ్ల తొట్లు చూడటం, మందు కొట్టించడం. జనం నన్ను దోమల సారు అంటారు, నేనూ అలవాటు పడ్డాను. పుట్టింది చిల్పూర్ పక్కన. కాపురం మహబూబాబాద్‌లో, మేమందరం మానుకోట అనే అంటాం. డ్యూటీ మాత్రం ఎక్కువగా కొత్తగూడ వైపు అడవి అంచు తండాల్లో. అవ్వది అట్లాంటి ఒక తండా. ఆమెకు పేరు ఉండే ఉంటుంది, ఎవరూ పిలవగా నేను వినలేదు. తండా అంతా యాడీ అనేది, వాళ్ల భాషలో అమ్మ అని. నేను అవ్వా అనేవాణ్ణి.

ఆమె ఇంట్లో చేతులు కడుక్కోకుండా కూర్చోనిచ్చేది కాదు. మంచం మీద కూర్చోబోతే చాలు, చెంబు పట్టుకుని ఎదురొచ్చేది. నీళ్లు తానే పోసేది, మనం రుద్దుకుంటుంటే వేళ్ల సందులు చూసేది. "గోర్లల్ల ఏంది గది? నీ శేను మొత్తం తెచ్చినవా?" అనేది. తండాకు వచ్చిన సర్పంచైనా, ఓట్ల కోసం వచ్చిన పెద్దమనిషైనా, తెల్లబట్టల చేతులు చాచి ఆమె ముందు నిలబడాల్సిందే. తాగే నీళ్ల కుండలో ఎవరి గ్లాసూ మునగనిచ్చేది కాదు. పొడుగు కాడ గంటె ఒకటి కుండ పక్కన మేకుకు వేలాడేది. ఒకసారి నేనే మరిచిపోయి గ్లాసు ముంచితే, కుండెడు నీళ్లూ తీసుకెళ్లి మేకల ముందు పెట్టి, కుండ కడిగి మళ్లీ నింపింది. నేను ఆ గ్లాసు చేతిలో పట్టుకుని తాగాలో వద్దో తెలియక నిలబడ్డాను.

ఇంకొక అలవాటు చెబితే నవ్వుతారు. ఎండాకాలం మిరప తోటల్లో కాయలు ఏరి, పొద్దు వాలే వేళ ట్రాలీ దిగి వచ్చే ఆడవాళ్లకు ఆమె అడ్డం నిలబడేది. "ఏమే, ఇయ్యాల ఎన్నిసార్లు ఉచ్చ పోసినవ్? ఏ రంగున్నది?" పదిమందిలో, అంత గట్టిగా. ఆ పిల్లలు సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. "పసుపు తీరుగ ఉన్నది యాడీ" అని ఎవరన్నా గొణిగితే, ఉప్పేసిన గంజి చెంబు నోటికి అందించి అది అయ్యేదాకా కదలనిచ్చేది కాదు. ఆ అడుగుడుకు భయపడి తోటలోనే సీసాలు ఖాళీ చేసుకుని వచ్చేవాళ్లు చాలామంది. నీళ్లు ఎక్కువ తాగాలని నేను ఎన్నో కాగితాలు పంచాను. వాటిలో పల్లీలు పొట్లం కట్టుకున్నారు.

నేను ఆమెను మొదట చూసింది ఒక వానకాలం. ప్రతి ఇంటి గోడ మీదా మేం నీలం రంగుతో ఒక డబ్బా గీసి ఉంచుతాం. వచ్చినప్పుడల్లా నీళ్ల తొట్లు చూసి, పురుగు లేదని నిర్ధారించుకుని, ఆ డబ్బాలో తేదీ వేసి సంతకం పెట్టాలి. వంగడం, చూడటం, టార్చి కొట్టడం, అదంతా పెద్ద పని. అప్పటికే నాకు పొట్ట వచ్చింది. బండి కూడా ఆపకుండా, ఒక కాలు నేల మీద ఆనించి, గోడ మీద తేదీ వేసి ముందుకు పోయేవాణ్ణి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాలాగే వేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ రోజు ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. చిన్న మనిషి. నడుము కొంచెం వంగింది గానీ చూపు వంగలేదు.

"గోడ మీద ఏం రాసినవ్ సారూ?" అంది.

"నీ గోలెం చూసినమని రాసిన అవ్వా."

"చూసినవా?"

"చూసిన."

బండి మీదే ఉన్నాను. గోలెం, అంటే ఆ పెద్ద సిమెంటు తొట్టి, ఇంటి వెనకాల ఉంది. ఆమె నా కళ్లలోకి ఒకసారి చూసి, "మంచిది" అని లేచి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అమాయకురాలు, నమ్మింది అనుకున్నాను. తాగి వచ్చేశాను.

ఆ తండాలో నీళ్లంటే ఏమిటో నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. అవ్వ వయసు వాళ్లంతా వాగులో చెలిమె తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, బిందె మీద బిందె పెట్టుకుని గుట్ట ఎక్కినవాళ్లు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది, అయినా ఆ భయం పోలేదు. నల్లా వచ్చిన పూట ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నిండాలి. నిన్నటి నీళ్లు పారబోయడం ఎవరికీ చేతకాదు, వాటి మీదే కొత్త నీళ్లు పోస్తారు. గోలెం అడుగున ఎన్నటి నీళ్లు ఉన్నాయో ఆ గోలేనికే తెలియాలి. మేమేమో మైకు పట్టుకుని "వారానికోసారి నీళ్లు పారబోయండి" అని అరిచేవాళ్లం. మా జీపు చప్పుడు వినగానే గోలేల మీద చాటలూ పాత చీరలూ పడేవి. కప్పి ఉన్నాయి, భేష్ అని రాసుకుని వచ్చేవాళ్లం. వాళ్లు మా నుంచి నీళ్లు దాచుకున్నారు, మేం దాచిన చోటు చూసి మెచ్చుకున్నాం.

ఒకనాడు అవ్వ నా చేతికి ఒక పచ్చడి సీసా ఇచ్చింది. మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. లోపల సగం నీళ్లు, నీళ్లలో వంకర్లు తిరుగుతున్న పురుగులు, పైన గుడ్డకు అంటుకుని రెండు దోమలు, కాళ్ల మీద తెల్లటి చారలతో.

"గిది ఏందో చెప్పు సారూ."

నేను గొంతు సవరించుకుని ట్రైనింగ్‌లో చెప్పిందంతా చెప్పాను. దోమ గుడ్లు, పిల్ల పురుగు, ఎనిమిది పది రోజుల్లో రెక్కలు రావడం, డెంగీ, పగటిపూట కుట్టడం. ఆమె చివరిదాకా ఓపికగా విన్నది.

"నాకు ఎరుకనే. నీకు ఎరుకనా లేదా అని అడిగిన" అంది.

ఆమె చదువుకోలేదు. ఎవరూ ఆమెకు నేర్పలేదు. పురుగే దోమ అవుతుందని ఎవరో అంటే నమ్మక, గోలెంలోంచి చెంబెడు నీళ్లు సీసాలో పోసి, గుడ్డ కట్టి, ఎనిమిది రోజులు పొద్దునా మాపూ దాని ముందు కూర్చుంది. ఒక పొద్దున సీసాలోంచి గుయ్యిమని చప్పుడు వచ్చింది. అంతటితో ఆగలేదు. గోలెం ఖాళీ చేసి ఎండబెట్టి మళ్లీ మంచి నీళ్లు పోసి, ఇంకో సీసా పట్టింది. మళ్లీ పురుగులు. అంటే నీళ్లలోనే కాదు, గోడకు కూడా ఏదో అంటుకుని ఉందని తానే పట్టుకుంది. బూడిదా కొబ్బరి పీచూ పెట్టి లోపలి గోడ రుద్ది, మూడో సీసా పట్టింది. అందులో ఏమీ పుట్టలేదు. ఆ మూడు సీసాలూ చీర కొంగులో కట్టుకుని తండా అంతా తిరిగింది. నేను పుస్తకంలో చదివి మరిచిపోయిన దాన్ని ఈమె తన వాకిట్లో కూర్చుని మొదటి నుంచి కనిపెట్టింది.

అంతకంటే పెద్దది, తండాతో ఆమె ఆ పని చేయించిన తీరు. పారబోయమని ఒక్కరికీ చెప్పలేదు. "నీళ్లు పారబోస్తె పాపం. మారిస్తె పాపమేంది?" అనేది. వారానికోసారి కొత్తగూడ అంగడికి పోయే రోజు పొద్దున్నే, గోలెంలోని నీళ్లు చీర గుడ్డలో వడగట్టి బొక్కెనల్లోకి తోడాలి. అవి పశువులకు, బీరపాదుకు, ఆడపిల్లలు తీజ్ పండుగకు బుట్టల్లో పెంచే గోధుమ మొలకలకు. ఖాళీ గోలెం రుద్ది, అంగడి నుంచి వచ్చేదాకా ఎండకు వదలాలి. ఒక్క చుక్క పోలేదు, ఒక్క పురుగు మిగల్లేదు. శుక్రవారం అని మేం పెట్టిన రోజు ఎవరికీ గుర్తుండేది కాదు, అంగడి రోజును మరిచేవాళ్లు తండాలో లేరు. ఆమె మాత్రం ఆ రోజు అంగడికి పోయేది కాదు. కుడిచేతి గాజులు పైకి తోసుకుని, ఇల్లిల్లూ తిరిగి గోలెంలో భుజం దాకా చెయ్యి పెట్టి లోపలి గోడ తడిమేది. జారుగా తగిలితే ఆ ఇంటి ఆడవాళ్లకు ఆ పూట అంగడి లేదు.

నేను ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నాను. మా ఆఫీసు మీటింగుల్లో ఆమె సీసాల కథ నా కథలా చెప్పుకున్నాను. కానీ వంగలేదు. గోడ మీద తేదీలు మాత్రం వేస్తూ పోయాను. ఆమె మజ్జిగ ఇస్తూ పోయింది.

తర్వాత ఒక ఏడు, వానలు మొదలైన కొత్తలో, మా పాపకు జ్వరం వచ్చింది. ఆరో తరగతి అప్పుడు. రెండు రోజులు మామూలు జ్వరమే అనుకున్నాం. మూడో రోజుకు కళ్ల వెనక నొప్పి అని ఏడుస్తోంది. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఎవరి ద్వారా తెలిసిందో, పదకొండు గంటల వేళ అవ్వ మా గుమ్మంలో నిలబడి ఉంది. కొత్తగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.

మా ఆవిడ చాయ్ పెడతానంది. అవ్వ చేతులు కడుక్కుని, పాప నుదురు తడిమి, కడుపు తడిమి, "రక్తం చూపిచ్చిన్రా?" అంది.

"రేపు పోదామనుకుంటున్నం" అన్నాను.

"రేపు గాదు. చాయ్ తాగెలోపు తయారుగాండ్రి. సర్కారు దవాఖానకే. గల్లీ డాక్టరు తాన నొప్పుల సూది యేపియ్యకు." అంతలోనే మా ఆవిడ వైపు తిరిగి, "దోమతెర ఉన్నదా బిడ్డా? పిల్ల మీద కట్టు."

"పగలు కదవ్వా" అంది మా ఆవిడ.

"గిది పగటి దోమ. పిల్లను కుట్టి పోయి నిన్ను కుడ్తది, ఇంట్ల ఇంకొకలను కుడ్తది. తెర పిల్ల కోసం గాదు, మీ కోసం."

దోమల సారు ఇంట్లో, దోమల సారుకు తోచని మాట. నేను తెర కోసం అటక మీద వెతుకుతుంటే, ఆమె చాయ్ పక్కన పెట్టి పెరట్లోకి నడిచింది. వెనకే పోయాను. పెరట్లో గోడ వారగా మా కూలర్ ఉంది. ఎండలు పోయాక తీసి అక్కడ పెట్టి మరిచిపోయాం. ఆమె గాజులు పైకి తోసుకుని, వంగి, లోపలికి చెయ్యి పెట్టింది. అరచేతిలో నీళ్లు పట్టి నాకు చూపించింది. ఆ గుప్పెడు నీళ్లలో లెక్కలేనన్ని తోకలు ఆడుతున్నాయి.

నేను అక్కడే కింద కూలబడిపోయాను. జిల్లా అంతా తిరిగి ఇతరులకు చెప్పే మనిషిని, నా బిడ్డ రక్తం తాగే దోమలను నా పెరట్లోనే సాకాను. ఏడుపు వచ్చింది.

అవ్వ ఆ నీళ్లను ఎండు మట్టి మీద పోసి, నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. అప్పటిదాకా నన్ను సారూ అని తప్ప పిలవలేదు.

"కొడకా, నా మనుమరాలు గిదే జెరంతోని పోయింది. ఎనిమిదేండ్ల పిల్ల. దేవుడు తీసుకపోయిండన్నరు, గాలి సోకిందన్నరు. మానుకోట డాక్టరొక్కడు దోమ అన్నడు. ఏ దోమ, ఏడికెల్లి వచ్చింది అని అడిగిన. ఎవ్వలు చెప్పలే. గందుకే సీస పట్టిన. నా గోలెంలకెల్లే వచ్చింది. నేను నా చేతులతోని నింపిన గోలెం."

తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"కోడలికి నేనే చెప్పిన. నీ బిడ్డను నా గోలెమే తిన్నదని. గామె బండరాయి తెచ్చి గోలెం పలగ్గొట్టింది. ఏడాది నాతోని మాట్లాడలే. ఆ ఏడాది నేను తండల అందరి గోలేలు కడిగిన. ఏడాది నిండినంక గామెనే కొత్త గోలెం తెచ్చి పెట్టింది."

నేను తలెత్తి చూశాను. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"నేను గోలెంల పెంచిన, నువ్వు కూలర్ల పెంచినవ్. నా పిల్ల పోయింది. నీ పిల్ల లోపల ఉన్నది. లే."

లేచాను. కూలర్ ఇద్దరం కలిసి వంచాం. ఆ వయసులో ఆమె పట్టిన వైపే ముందు లేచింది.

అది డెంగీయే. పాపను వార్డులో ఉంచారు. తెల్ల కణాలో ఏవో పడిపోతున్నాయని డాక్టరు అన్న ప్రతిసారీ, వాటి పేరు నాకు బాగా తెలిసి కూడా గుర్తుకు వచ్చేది కాదు. అవ్వ మూడు రోజులు వార్డు వరండాలోనే ఉంది. గంట గంటకూ గంజో కొబ్బరినీళ్లో చెంచాతో పోసేది, పాప విసుక్కుంటే, "ఎన్నిసార్లు ఉచ్చ పోసినవ్ చెప్పు, నేను పోత" అనేది. వార్డులో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. నాలుగో రోజు పాప ఆకలి అంది. అవ్వ అదే మధ్యాహ్నం బస్సెక్కింది. మర్నాడు అంగడి, గోలేలు చూడాలట.

ఆ తర్వాత నేను వంగకుండా ఏ గోడ మీదా తేదీ వేయలేదు. ఒక్కసారి తప్ప, అది తర్వాత చెబుతాను.

అవ్వ జ్వరంతో పోలేదు. వయసు మీద పడి, పొద్దున చేతులు కడుక్కుని, జొన్న రొట్టె సగం తిని, గోడకు ఆనుకుని పోయింది. నాకు ఫోన్ వచ్చేసరికే మధ్యాహ్నం దాటింది, అప్పటికప్పుడు కేసముద్రం నుంచి బండి మీద పోయాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. జనం వెళ్లిపోయారు. కోడలు వాకిట్లో ఒక్కతే ఉంది, ఆ బిడ్డను పోగొట్టుకున్న తల్లి. నన్ను చూసి చెంబు తెచ్చి చేతుల మీద నీళ్లు పోసింది. వేళ్ల సందులు చూసింది.

"అన్నా, గోడ చూడు" అంది.

నేను చూసే గోడే. నీలం డబ్బా, దాని కింద అది నిండాక గీసిన ఇంకో డబ్బా, లోపల నా తేదీలు. ఏటా ఇంటికి జాజు, అంటే ఎర్రమట్టి, పూసేటప్పుడు ఆ డబ్బాలను వదిలి చుట్టూ పూశారని అప్పుడు గమనించాను. ప్రతి తేదీ పక్కనా బొగ్గుతో చిన్న గుర్తు ఉంది. పిల్లల ఆటనుకునేవాణ్ణి ఎప్పుడూ.

"నువ్వు గోలెం చూసినప్పుడు గీత పెట్టేది. చూడకుంట రాసినప్పుడు సున్న. నువ్వు బండి తిప్పినంక పెట్టేది" అంది కోడలు.

మొదటి డబ్బా నిండా సున్నాలే. ఒకదాని కింద ఒకటి, కొత్తగా బడిలో వేసిన పిల్ల రాసినంత శ్రద్ధగా. ప్రతి సున్నాకూ ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. ఒక్కరోజూ నిలదీయలేదు, మా పై ఆఫీసరు వచ్చినప్పుడు కూడా చూపించలేదు. మా పాప జ్వరం తర్వాత నుంచి గీతలు. నిటారుగా, వరసగా. వాటి మధ్య ఒక్కచోట సున్నా. ఆ రోజు బామ్మర్ది పెళ్లిచూపులని తొందరలో ఉన్నాను. ఆమె అప్పుడు లోపల పడుకుని ఉందనుకున్నాను.

గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాను. ఇంత పెద్ద మనిషి నన్ను ఇన్నేళ్లు చూస్తూ ఉంది. నేను మారతానని ఎదురుచూస్తూ, ఆ డబ్బా చెరగకుండా కాపాడుతూ ఉంది. నా జీవితంలో నన్ను అంత నమ్మినవాళ్లు, అంత బాగా తెలిసీ నమ్మినవాళ్లు, ఇంకెవరూ లేరు.

ఇంటి వెనక్కి పోయాను. చావింట్లో వచ్చిపోయే జనం కోసం గోలెం నిండా నీళ్లు పోసి ఉన్నాయి. చొక్కా చేతులు మడిచి, వంగి, భుజం దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి చుట్టూ తడిమాను. గరుకుగా, శుభ్రంగా ఉంది. తడి చేత్తోనే వచ్చి గోడ మీద ఆ నాటి తేదీ వేశాను. పక్కన చోటు ఖాళీగా ఉంది.

కోడలు నా వెనకే నిలబడి అంతా చూసింది. నేను చెయ్యి పెట్టడమూ చూసింది. పొయ్యి దగ్గర నుంచి బొగ్గు ముక్క తెచ్చింది. గోడ దాకా వచ్చి, ఆగి, బొగ్గును ఎడమచేతిలోకి మార్చుకుని, ఇంటి వెనక్కి పోయింది. గాజులు పైకి తోసుకున్న చప్పుడు వినిపించింది. గోలెంలో నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది. భుజం దాకా తడిసిన చేత్తో తిరిగి వచ్చి, అప్పుడు గీత పెట్టింది.